తినడానికి సురక్షితమైన ఫ్లేవర్ పీల్చడానికీ సురక్షితమేనా? తమ్ముడి దగ్గు గురించి అడుగుతున్నాను

వనజ_కె అడిగిన ప్రశ్న:

మా తమ్ముడు ఫ్లేవర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో మిక్సింగ్ రూమ్‌లో పనిచేస్తున్నాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఎక్కువగా వెన్న, క్రీమ్, కారమెల్ వాసన వచ్చే ఫ్లేవర్లు చేస్తారు. పెద్ద ట్యాంకులో నూనె వేడి చేసి, డ్రమ్ముల్లోంచి ద్రవాలు కొలిచి మూత తీసి పోయడం వాడి పని. అప్పుడప్పుడు పొడులు కూడా సంచుల్లోంచి గుమ్మరిస్తాడు. చేరినప్పుడు బాగానే ఉన్నాడు. కొన్ని నెలలుగా పొడి దగ్గు, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు కూడా తగ్గలేదు. డాక్టరు ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. దానితో పెద్దగా తేడా కనిపించలేదు.

సూపర్‌వైజర్‌ని అడిగితే ఒక కాగితం చూపించారట. ప్రతి పదార్థం పక్కన ఒక నంబరు, 'గ్రాస్' అనే మాట ఉన్నాయట. "ఇవన్నీ జనం రోజూ తినేవే. కడుపులోకి వెళ్తే ఏమీ కానిది వాసన పీలిస్తే ఏమవుతుంది?" అన్నారట. వినగానే నాకూ అది నిజమే కదా అనిపించింది. కానీ రాత్రిళ్లు వాడి దగ్గు వింటుంటే చాలా టెన్షన్‌గా ఉంది. ఆ నంబర్లు ఎవరు ఇస్తారు, ఏం చూసి ఇస్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రఘు_రెగ్యులేటరీ రాసిన సమాధానం:

వనజ గారూ, ముందు మీ తమ్ముడి సంగతి. ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. గాలి ఎంత, ఎంత వేగంగా ఊదగలడో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష తప్పకుండా చేయించండి. "ఫ్లేవర్ ఫ్యాక్టరీ, వేడి నూనె ట్యాంకు, వెన్న ఫ్లేవర్, డయాసిటైల్" అని ఒక చీటీ మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వండి. డయాసిటైల్ అంటే వెన్న వాసన ఇచ్చే రసాయనం. ఏం పని చేస్తాడో తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా ఆస్తమా అనే అనుకుంటారు. దాని ఆవిరి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులో ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. ఫలితం వచ్చేదాకా అతను ఆ ట్యాంకు దగ్గరికి వెళ్లకూడదు.

ఇక ఆ కాగితం. ఫ్లేవర్ పదార్థాల భద్రతా ఫైళ్లు తయారుచేయడమే నా ఉద్యోగం కాబట్టి అందులో ఏముంటుందో, ఏముండదో నాకు బాగా తెలుసు. అమెరికాలో 1958లో ఆహార సంకలితాల చట్టాన్ని సవరించినప్పుడు, నిపుణులు సాధారణంగా సురక్షితమని ఒప్పుకున్న పదార్థాలకు ముందస్తు అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చారు. అదే గ్రాస్. ఆ తర్వాత ఫ్లేవర్ తయారీదారుల సంఘం ఫెమా ఒక నిపుణుల ప్యానెల్‌ని పెట్టింది. వాళ్ల మొదటి జాబితా 1965లో వచ్చింది. మీ తమ్ముడు చూసిన నంబర్లు ఆ జాబితావే అయి ఉంటాయి. డయాసిటైల్ నంబరు 2370. ఆ కాగితంలో ఉందేమో చూడమనండి.

ఆ హోదాతో పాటే ఒక షరతు ఉంటుంది: ఉద్దేశించిన వాడకంలో మాత్రమే. ఫ్లేవర్‌కి ఉద్దేశించిన వాడకం అంటే ఆహారంలో అతి కొద్దిగా కలిపి తినడం. మేం ఫైల్లో పెట్టే ప్రతి ప్రశ్నా దాని చుట్టూనే తిరుగుతుంది. అణువు నిర్మాణం ఎలా ఉంది? మనిషి రోజుకి ఎంత తింటాడు? పేగుల్లో, కాలేయంలో అది ఏ పదార్థాలుగా విడిపోతుంది? ఎలుకలకు మేతలో కలిపి పెట్టినప్పుడు ఏ మోతాదు దాకా హాని కనిపించలేదు? డయాసిటైల్ ఈ ప్రశ్నలన్నిటినీ దాటేసింది. చిన్న అణువు, వెన్నలో సహజంగానే ఉంటుంది, శరీరం దాన్ని సులువుగా మార్చేసుకుంటుంది. ఆహార సంకలితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా కూడా తినే మోతాదులో అభ్యంతరం లేదనే చెప్పింది. ఆ తీర్పు ఈనాటికీ తప్పు కాదు. కాకపోతే ఆ పరీక్షల్లో ఎవరూ దాన్ని ముక్కుతో పీల్చలేదు.

పీల్చినప్పుడు మధ్యలో కాలేయం ఉండదు. డయాసిటైల్ 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే వేడి నూనెలో పోసిన క్షణంలోనే ఆవిరి పైకి లేస్తుంది. మూత తీసి వంగి చూసే మనిషి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ అణువు ప్రోటీన్లతో ఇట్టే చర్య జరుపుతుంది. శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. మానే క్రమంలో ఆ పొర కింద మచ్చ కణజాలం పెరిగి, అన్నిటికంటే సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరాన్స్ అంటారు. మూసుకున్న గొట్టాలు మళ్లీ తెరుచుకోవు. ఇన్‌హేలర్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది గానీ మచ్చను కరిగించలేదు. సెలవులో ఉన్నా దగ్గు తగ్గలేదని, ఇన్‌హేలర్‌తో తేడా లేదని మీరు రాశారు. నన్ను కలవరపెట్టినవి ఆ రెండు మాటలే. ఇక్కడి నుంచి రోగం నిర్ధారించడం నా పని కాదు, అది డాక్టరే తేల్చాలి. అయినా ఆ రెండూ చదివాక 'ఆస్తమాయే కావచ్చు లెండి' అని మీకు ధైర్యం చెప్పలేను.

ఇది కొత్తగా బయటపడింది కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, జాస్పర్ అనే ఊళ్లో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో అంతకుముందు పనిచేసిన ఎనిమిది మందికి ఈ జబ్బు ఉందని ఒక డాక్టరు ఆరోగ్య శాఖకు తెలియజేశారు. కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నయోష్ వెళ్లి చూసింది. అక్కడి కార్మికుల్లో గాలి సరిగా ఊదలేనివాళ్లు ఉండాల్సిన దానికి మూడు రెట్లకు పైగా ఉన్నారు. అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లలో నూనెలో వెన్న ఫ్లేవర్ కలిపేవాళ్లు ఉన్నారు. మీ తమ్ముడు చేస్తున్నది అదే పని. క్వాలిటీ కంట్రోల్ గదిలో రోజంతా ప్యాకెట్లు పేల్చి చూసేవాళ్లకు కూడా వచ్చింది. వాళ్లలో చాలామందికి మొదట చెప్పినవి ఆస్తమా, బ్రాంకైటిస్, పొగతాగడం వల్ల వచ్చే జబ్బు వంటివే.

కాబట్టి ఆ సూపర్‌వైజర్ చూపించిన కాగితం నిజమైనదే. కానీ మీ తమ్ముడి ప్రశ్నకు అందులో జవాబు లేదు. నోటికి సంబంధించిన అనుమతిని ముక్కుకి వాడుకోవడం మా రంగంలో ఇంకా కొనసాగుతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే, ఎందుకంటే తెలియక చేసే రోజులు ఎప్పుడో పోయాయి. ఫెమానే 2004లో, పీల్చితే ప్రమాదమైన ఫ్లేవర్ రసాయనాల గురించి ఫ్యాక్టరీలకు మార్గదర్శకాలు ఇచ్చి, 2012లో వాటిని సవరించింది కూడా.

పాత_ఆపరేటర్ రాసిన సమాధానం:

అమ్మా వనజా, నేను ఫ్లేవర్లు కలిపే కంపౌండింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. రఘు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఫ్యాక్టరీలో ట్యాంకు దగ్గర పని ఎలా ఉంటుందో నేను చెప్తాను.

మాస్కు ఇచ్చాం అంటారు. ఏ మాస్కో అడగాలి. ముక్కు మీద పెట్టుకునే తెల్ల మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ కావాలి. పొడి కూడా పోస్తున్నాడు కాబట్టి దానికి తోడు దుమ్ము ఫిల్టర్ ఉండాలి. ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కుందో లేదో ఫిట్ టెస్ట్ చేయాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. మా దగ్గర ఈ విషయం చెప్పినవాళ్లే లేరు.

అసలు మందు మాస్కు కాదు, ట్యాంకు మూత. డ్రమ్ములోంచి పంపుతో, మూత మూసే ఉంచి నేరుగా ఎక్కించాలి. నూనె చల్లగా ఉన్నప్పుడే ఫ్లేవర్ కలపగలిగితే ఇంకా మంచిది. ట్యాంకు నోటి దగ్గరే గాలి లాగేసే గొట్టం ఉండాలి. గదిలో ఎక్కడో మూలన ఫ్యాన్ తిరుగుతుంటే ఆవిరి ముందు మనిషి ముఖం మీదుగా వెళ్లి ఆ తర్వాతే బయటికి పోతుంది. కడిగేటప్పుడు కూడా జాగ్రత్త. ఖాళీ ట్యాంకులో వేడినీళ్లు కొట్టినప్పుడు వచ్చే ఘాటు కలిపేటప్పటి కంటే ఎక్కువగా ఉండేది.

వాసన అలవాటైపోతుంది తల్లీ. కొన్నాళ్లకు వాడికి వెన్న వాసనే తెలియదు. వాసన రావట్లేదు కాబట్టి ఏమీ లేదని మాత్రం అనుకోనివ్వకు.

సందేహి రాసిన సమాధానం:

రఘు గారూ, మీరు చెప్పేది చూస్తే ఫ్లేవర్ తయారీదారులే ప్యానెల్ పెట్టి, వాళ్ల పదార్థాలకు వాళ్లే నంబర్లు ఇచ్చుకుంటున్నారు. పీల్చేవాళ్ల విషయంలో ఇంత పెద్ద ఖాళీ ఉంటే, తినేవాళ్ల లెక్క మాత్రం గట్టిగా ఉందని ఎలా నమ్మాలి? 'నేచురల్' అని రాసినవే కొనుక్కుంటే సరిపోదా?

రఘు_రెగ్యులేటరీ రాసిన సమాధానం:

సందేహి గారూ, రెండో ప్రశ్న ముందు. నేచురల్ అన్నది ఆ అణువు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, శరీరంలో ఏం చేస్తుందో చెప్పదు. డయాసిటైల్ వెన్నలో సహజంగానే ఉందని పైన రాశాను కదా. పెరిల్లాల్డిహైడ్ అనే ఇంకొకటి నిమ్మజాతి పండ్ల తొక్కల్లో సహజంగా ఉంటుంది. అది డీఎన్ఏను దెబ్బతీస్తుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇఫ్సా 2015లో తేల్చడంతో, ఫ్లేవర్‌గా కలిపే పదార్థాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. ఎక్కువైతే కాలేయానికి హాని చేయగల కౌమరిన్ కూడా మొక్కల్లో దొరికేదే. కాసియా రకం దాల్చినచెక్క పొడిలో కిలోకి సగటున 3 గ్రాముల దాకా ఉంటుంది. ఇఫ్సా పెట్టిన పరిమితి రోజుకి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము. 15 కిలోల పిల్లవాడికి అది 1.5 మిల్లీగ్రాములు, అంటే అర గ్రాము కాసియా పొడితో ఆ రోజు పరిమితి పూర్తయిపోతుంది. ఒకటి రెండు వారాలు దానికి మూడు రెట్లు దాటినా ఆందోళన లేదని ఇఫ్సానే చెప్పింది, కాబట్టి ఎవరూ కంగారుపడనక్కర్లేదు. కానీ నేచురల్ అన్న మాటను బట్టి కొనడంలో మాత్రం రక్షణ ఏమీ లేదు.

మొదటి ప్రశ్న చాలా ముఖ్యమైనది. తినేవాళ్ల లెక్కలో గట్టి భాగాలూ ఉన్నాయి, బలహీనమైన భాగమూ ఉంది. నా అభిప్రాయంలో బలహీనమైనది ఒక్కటే: మనిషి రోజుకి ఎంత తింటాడన్న అంచనా.

గట్టి భాగం ఏమిటంటే, 1978లో క్రేమర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు అణువు నిర్మాణాన్ని బట్టి పదార్థాలను మూడు తరగతులుగా విడదీసే పద్ధతి ఇచ్చారు. 1996లో మన్రో బృందం 600కు పైగా రసాయనాల జంతు పరీక్షల ఫలితాలను ఆ తరగతుల వారీగా పేర్చింది. ఒక్కో తరగతిలో హాని చూపని మోతాదుల్లో బాగా కింద ఉన్న విలువను తీసుకుని, దాన్ని మళ్లీ వందతో భాగించారు. 60 కిలోల మనిషికి రోజుకి మొదటి తరగతిలో 1,800, రెండో దానిలో 540, మూడో దానిలో 90 మైక్రోగ్రాములు వచ్చాయి. తినేది ఇంతకు లోపు ఉంటే ఆందోళన లేదనే గీతలు ఇవే. డీఎన్ఏను దెబ్బతీస్తుందన్న అనుమానం ఉన్న పదార్థాలకు ఈ గీతలు వర్తించవు, వాటిని ముందే పక్కకు తీయాలి. ఈ పునాది మీద నాకు నమ్మకం ఉంది.

ఇప్పుడు తినే మోతాదు. చాలాకాలం వాడిన పద్ధతిలో, ఒక ప్రాంతంలో ఏడాదికి ఆ పదార్థం ఎన్ని కిలోలు అమ్ముడైందో కంపెనీలు చెబుతాయి. కొంత లెక్కలోకి రాలేదనుకుని దాన్ని 0.8తో భాగిస్తారు. జనాభాలో పదో వంతు మందే దాన్నంతా తిన్నారనుకుని పంచుతారు. ఒక ఊహా పదార్థం 100 కిలోలు అమ్ముడైంది, జనాభా 30 కోట్లు అనుకోండి. 125 కిలోలను 3 కోట్ల మందికి, 365 రోజులకు పంచితే మనిషికి రోజుకి 11 మైక్రోగ్రాములు. మూడో తరగతి గీత కంటే కూడా చాలా కింద ఉంది, ఫైలు సాఫీగా ముందుకు వెళ్తుంది.

అదే పదార్థాన్ని ఒక పానీయంలో కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతున్నారనుకోండి. ఒకాయన రోజూ అదే పానీయం 300 గ్రాములు తాగుతాడు. అతని ఒంట్లోకి వెళ్లేది 3,000 మైక్రోగ్రాములు. మొదటి తరగతి గీత కూడా దాటిపోయింది. 11 ఎక్కడ, 3,000 ఎక్కడ! పదార్థం మారలేదు, లెక్క మారింది. ఒకే రకం పానీయానికి అలవాటుపడ్డ మనిషి సగటు లెక్కలో కనిపించడు. ఈ లోపం తెలిసే జెక్ఫా 2008 ప్రాంతం నుంచి రెండు లెక్కలూ వేసి ఏది ఎక్కువైతే దాన్నే తీసుకుంటోంది. గీత దాటితే విషమని కాదు, ఆ పదార్థానికే సొంతంగా జంతు పరీక్షల సమాచారం కావాలని అర్థం. ఎవరైనా నాకు ఫైలు చూపిస్తే నేను ముందు తెరిచేది ఈ పేజీనే.

ప్యానెల్ గురించి మీ అనుమానం న్యాయమైనది. ఫెమా తన జాబితాలను ప్రచురిస్తుంది, ప్రభుత్వానికీ పంపుతుంది. అయినా పరిశ్రమ డబ్బుతో నడిచే ప్యానెల్ మాటే చివరి మాట కావడం నాకు ఇష్టం లేదు. పైగా అమెరికాలో గ్రాస్ అని తేల్చుకున్నవాళ్లు ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పడం స్వచ్ఛందమే. యూరప్ దారి వేరు. 2012లో దాదాపు 2,500 పదార్థాలతో ఒక జాబితా చట్టంగా తెచ్చారు, 2013 ఏప్రిల్ నుంచి అందులో లేని ఫ్లేవర్ పదార్థాన్ని కలపకూడదు. నాకు నచ్చే పద్ధతి అదే. ఎందుకంటే ఆ జాబితాను తిరిగి తెరిచి చూసే సంస్థకు అమ్మకాలతో సంబంధం లేదు. పెరిల్లాల్డిహైడ్‌ను బయటికి పంపింది ఆ తిరిగి చూడడమే.

వనజ_కె రాసిన సమాధానం:

అందరికీ చాలా థాంక్స్ అండీ. తమ్ముణ్ని చూపించాం. స్పైరోమెట్రీలో మొదటి సెకనులో ఊదిన గాలి ఉండాల్సిన దానిలో 61 శాతమే వచ్చింది. మందు పీల్చాక మళ్లీ చేసినా పెరగలేదు. రఘు గారు చెప్పిన చీటీ చదివి డాక్టరు సీటీ స్కాన్ రాశారు, గాలి పూర్తిగా వదిలేసి కూడా తీయాలట. పని మానేయమన్నారు. కంపెనీ వాళ్లు "మేం ఈ మధ్య డయాసిటైల్ లేని ఫ్లేవర్లే వాడుతున్నాం, వేరే సెక్షన్‌కి పంపుతాం" అంటున్నారు. ఏమని అడగాలి?

రఘు_రెగ్యులేటరీ రాసిన సమాధానం:

వనజ గారూ, 'డయాసిటైల్ లేదు' అన్న మాట దగ్గర ఆగిపోకండి. దాని బదులు చాలాచోట్ల 2,3-పెంటేన్‌డయోన్ వాడారు. నిర్మాణంలో రెండిటికీ ఒక్క కార్బనే తేడా. ఎలుకల చేత పీల్పించి చూస్తే ఇది కూడా శ్వాసనాళాలను అలాగే పాడుచేసింది. నయోష్ 2016లో రెండిటికీ పరిమితులు సిఫారసు చేసింది. ఎనిమిది గంటల పనికి గాలిలో డయాసిటైల్ వంద కోట్ల భాగాల్లో 5 భాగాలు, పెంటేన్‌డయోన్ 9.3 భాగాలు. రెండోది కాస్త ఎక్కువగా ఉండటానికి కారణం అది మెతకది కావడం కాదు, అంతకంటే తక్కువను నమ్మకంగా కొలవడం కష్టం కావడమే.

అందుకని రాతపూర్వకంగా అడగండి. అతను కలిపిన ప్రతి ఫ్లేవర్‌లో డయాసిటైల్, 2,3-పెంటేన్‌డయోన్, వెన్న ఫ్లేవర్లలోనే వాడే అసిటోయిన్ అనే ఇంకో రసాయనం ఎంతెంత ఉన్నాయో సప్లయర్ నుంచి తెప్పించమనండి. ఇప్పటివి మాత్రమే కాదు, అతను చేరిన రోజు నుంచి ఉన్నవన్నీ. రసాయనంతో పాటు వచ్చే ప్రమాదాల వివరాల కాగితం, అంటే సేఫ్టీ డేటా షీట్, ఒక్కటే ఇస్తే సరిపోదు, ఒక శాతం కంటే తక్కువ ఉన్న పదార్థం చాలాసార్లు అందులో కనిపించదు. మిక్సింగ్ గదిలో గాలిని ఎప్పుడు కొలిచారు, ట్యాంకు మూత తీసిన ఆ కొద్ది నిమిషాల్లో ఎంత వచ్చింది అని అడగండి. రోజంతటి సగటులో ఆ నిమిషాలు మాయమైపోతాయి. చేరినప్పుడు స్పైరోమెట్రీ చేసి ఉంటే ఆ కాపీ తీసుకోండి, ఎంత పడిపోయిందో దానితోనే తెలుస్తుంది.

వేరే సెక్షన్ అంటే ఎక్కడో కూడా తేల్చుకోండి. ప్యాకింగ్ గానీ క్వాలిటీ ల్యాబ్ గానీ అదే గాలి పంచుకుంటుంటే అతనికి అదీ వద్దు. అతనితో పాటు ఆ గదిలో ఇంకెంతమంది ఉన్నారో మీరు రాయలేదు. వాళ్లకి దగ్గు లేకపోయినా ఇప్పుడే ఒకసారి స్పైరోమెట్రీ చేయించుకోమని, ఆరు నెలలకోసారి మళ్లీ చేయించుకోమని తమ్ముడి చేత ఫోన్ చేయించండి.